పొలిమేరలో ఆగే బండి

మా పక్కింటి వ్యాన్ అన్న పోయాడు. శంషాబాద్ విమానాశ్రయంలో సరుకులు దింపే గేటు బయట, బండి పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడట. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం లేదన్నారు. వాళ్ళ అల్లుడు ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఉన్నాను. పుస్తకం మూసి, పిల్లలను బయటికి పోయి ఆడుకొమ్మన్నాను.

సూర్యాపేటలో మా గల్లీ దాటితే ఆయన ఎవరో చాలామందికి తెలియదు. కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల కొన్ని ఇళ్ళవాళ్ళు మాత్రం ఆయన ముఖాన్ని జన్మలో మరచిపోలేరు. గల్ఫ్‌కు పనికి పోయి అక్కడే ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళు పెట్టెల్లో వస్తారు కదా, ఆ పెట్టెలను విమానాశ్రయం నుంచి ఊరికి చేర్చడం ఆయన పని. శవం అనేవాడు కాదు. ప్యాసింజర్ అనేవాడు. "ఇయ్యాల మునగాల ప్యాసింజర్ ఉన్నడు" అని చెప్పి బయల్దేరేవాడు. మొదట్లో ఆ మాట వింటే నాకు ఒళ్ళు జలదరించేది.

ఆ బండి తమ ఇళ్ళ ముందు పెట్టొద్దని గల్లీలో అందరూ గొడవ చేశారు. కిరాయికి వచ్చేవాళ్ళు దాన్ని చూసి వెనక్కి పోతున్నారట. "నా గోడకు పెట్టుకో అన్నా. నాకు కిరాయిదార్లు లేరు, మొగుడూ లేడు, ఇగ భయపడేదెవరు?" అన్నాను. ఆయన పగలబడి నవ్వాడు. అప్పటి నుంచి మా గోడే ఆ బండికి చోటు. ఎవరైనా పెళ్ళికార్డు ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకునేవాడు గానీ పోయేవాడు కాదు, వదినను పంపేవాడు. తనను చూస్తే అక్కడ ఎవరికి ఏం గుర్తొస్తుందోనని ఆయన జంకు.

పని మీద పోయి వచ్చిన రోజు ఆయన చేతులు కొబ్బరినూనె వాసన వేసేవి. ఆ వాసన తగలగానే వదిన ఏమీ అడగకుండా పెరట్లో నీళ్ళు కాగబెట్టేది. ఆ నూనె ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు.

నా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు సౌదీలో పోయాడు. మోతె దగ్గర వాళ్ళది. విమానాశ్రయంలో కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, తోడు రమ్మని వాళ్ళ నాన్న నా దగ్గరికొచ్చి ఏడ్చాడు. పోయాను. పెట్టెతో తిరిగి వస్తుంటే, ఊరు ఇంకాస్త దూరంలో ఉందనగా కాలువ దగ్గర అన్న బండి ఆపాడు. "బాపూ, జర మొఖం కడుక్కొని రా. ఇంటిది నిన్ను గిట్ల సూస్తే తట్టుకోదు" అని ఆ తండ్రిని నీళ్ళ దగ్గరికి పంపాడు. ఆయన అటు పోగానే బండి వెనక తలుపు తీశాడు.

పెట్టె నిండా స్టిక్కర్లు. ఒకదాని మీద పిల్లవాడి పేరు, అదీ తప్పుగా. ఒకదాని మీద బాణం గుర్తు, ఏ వైపు పైకి ఉండాలో. ఇంకొకదాని మీద పెద్ద అక్షరాలతో కిలోల లెక్క. మధ్యలో విమానం మారిన ఊళ్ళో మళ్ళీ అవే ఇంకో వరుస అంటించారు. అన్న పాతగుడ్డ మీద కొబ్బరినూనె పోసి, ఒక్కోదాన్ని నానబెట్టి, గోటితో అంచు లేపి, చిరగకుండా ఒలిచాడు. జిగురు కూడా మిగలకుండా తుడిచాడు.

"వాళ్ళమ్మకు ఇంగ్లీషు రాదు కదన్నా" అన్నాను.

"మా అమ్మకు గూడ రాకుండె, టీచరమ్మా" అన్నాడు, చెయ్యి ఆపకుండానే.

అన్న తమ్ముడు కూడా సౌదీలోనే, కట్టే భవనం మీది నుంచి పడి పోయాడట. వాళ్ళది పెన్‌పహాడ్. నేరుగా వచ్చే విమానం లేక ఆ పెట్టె రెండు చోట్ల మారింది. ఒక చోట జనం సామాన్లకే జాగా సరిపోలేదని దింపేసి, తర్వాత ఎప్పుడో ఎక్కించారు. ఊరికి చేరేసరికి, ఇంత ఆలస్యమైనాక తెరవొద్దన్నారు పెద్దలు. తల్లికి కొడుకు ముఖం దక్కలేదు. ఆమె మిర్యాలగూడ రైసుమిల్లులో తూకం వేసే కాంటా దగ్గర బస్తాలు మోసిన మనిషి. అక్షరాలు రావు, అంకెలు బాగా వచ్చు. పెట్టె మీద పడి ఏడుస్తూ ఏడుస్తూ ఆ కిలోల అంకె దగ్గర ఆగిపోయింది. 'నా కొడుకు గింత బరువెప్పుడైండురా?' అని అడిగిందట. పెట్టె బరువు కూడా కలిపి రాస్తారని ఆమెకు ఎవరు చెప్తారు? చచ్చేదాకా ఆ అంకెనే పలవరించింది.

"పోయేటప్పుడు సీటుల కూసోని పోయిండు, టీచరమ్మా. వచ్చేటప్పుడు కాంటా ఎక్కిచ్చిండ్రు. ఇంకో అమ్మ గది సూడొద్దు" అన్నాడు అన్న. అప్పటికి ఆ తండ్రి ముఖం కడుక్కుని గట్టెక్కి వస్తున్నాడు.

ఆ రోజు నుంచి ఆయన ఆశ ఏమిటో నాకు అర్థమైంది. మనవాళ్ళు పనికి పోయే ఆ సౌదీ ఊరి నుంచి హైదరాబాద్‌కు నేరుగా ఒక విమానం రావాలి. పెట్టె ఎక్కడా ఆగకుండా వస్తే తెరవొచ్చు, తల్లికి కొడుకు ముఖం దక్కుతుంది. ఒక విమాన కంపెనీ ఆ దారికి అనుమతి కోరిందని పేపర్లో వచ్చినప్పుడు, నా గేటు దగ్గర నిలబడి ఆ వార్త మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. ఇక రోజూ పొద్దున పాలప్యాకెట్‌తో పాటు ఒకటే ప్రశ్న, పర్మిషన్ వచ్చిందా అని. రాలేదు. ఆ కంపెనీ ఊరుకుంది, ఇంకో కంపెనీ అడిగింది, అదీ పరిశీలనలోనే ఉండిపోయింది. వారానికి ఇన్ని సీట్లని రెండు దేశాలు ముందే ఒప్పందం రాసుకుంటాయని, అవి పెంచాలంటే రెండు ప్రభుత్వాలూ సరేననాలని చెప్పాను.

"మనోళ్ళు పండుకోని వస్తరు గద టీచరమ్మా. వాళ్ళకు సీటెందుకు?" అన్నాడు.

ఢిల్లీలో సంతకం పెట్టేవాళ్ళ దగ్గర దీనికి జవాబు ఉందేమో తెలియదు. నాకు మాత్రం ఆ పూట ఒళ్ళు మండిపోయింది.

చివరిసారి ఆయన కోదాడ దగ్గరి చిలుకూరు ప్యాసింజర్ కోసం పోయాడు. ఆ పొద్దున కూడా పేపర్లో ఉంది, ఒక కంపెనీ మళ్ళీ దరఖాస్తు పెట్టిందని. చదివి వినిపించాను. "అడుగుతనే ఉన్నరు గద. ఇయ్యకపోతరా" అని బండెక్కాడు. ఆ పెట్టె మధ్యలో విమానం మారే ఊళ్ళో రెండో విమానం అందుకోలేదు. రేపు రమ్మన్నారట. ఈయన కదల్లేదు. ప్యాసింజర్ వచ్చే వేళకు మనిషి లేకపోతే ఎట్లా అని అక్కడే, ఎండలో, సరిగా తినకుండా కాచుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం గుండె ఆగింది. చిలుకూరు పెట్టె ఆ తర్వాత దిగింది. దాన్ని వేరే బండిలో పంపించారు.

అన్నను తీసుకురావడానికి అల్లుడు, నేను పోయాం. ఆయన బండిలోనే ఆయన్ని పడుకోబెట్టాం. సూర్యాపేట దగ్గర పడుతుంటే వెనక్కి తిరిగి చూశాను. కప్పిన తెల్లగుడ్డ మీద దవాఖానవాళ్ళ స్టిక్కర్. మొదట తెచ్చినప్పుడు ఎవరో తెలియక అంటించిందట, తీయడం మరిచారు. ఒక నంబరు, గుర్తు తెలియని మగ మనిషి అని ఒక మాట.

"బండి ఆపు బిడ్డా" అన్నాను. అల్లుడు ఎందుకని అడగలేదు. నూనె సీసా డ్రైవర్ సీటు పక్కనే, ఎప్పుడూ ఉండే చోట ఉంది. గుడ్డ మీద నూనె ఇంకింది, జిగురు వదల్లేదు. నా గోళ్ళకు ఆయన ఒడుపు రాలేదు. లారీలు పోతుంటే బండి ఊగింది. స్టిక్కర్ ముక్కలు ముక్కలుగా వచ్చింది, అయినా మొత్తం తీశాను.

ఇంటి ముందు జనం పక్కకు జరిగారు. వదిన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. పట్టుకున్నదల్లా ఆగి, నా అరచేతులు ముఖం దగ్గరికి తెచ్చుకుంది. వాసన చూసింది.

"వచ్చిండు" అంది మెల్లగా.

తర్వాత చేతులు వదిలి, ఎవరు పిలుస్తున్నా ఆగకుండా, నీళ్ళు కాగబెట్టడానికి పెరట్లోకి పోయింది.