గెనుసు తీగకు ఉర్లగడ్డ

దొర చేతికర్రతో గెనుసు తీగ మొదట్లో పొడిచాడు. మట్టి విచ్చుకుని ఒక ఉర్లగడ్డ పైకి వచ్చింది. రెండో పోటుకు ఒక ఎర్రటి గెనుసు, దాన్ని ఆనుకుని ఇంకో ఉర్లగడ్డ. దొర ఆకు వైపు చూశాడు, గడ్డ వైపు చూశాడు, ఆ తరువాత మా నాయన వైపు చూశాడు. నాయన నా వైపు చూశాడు. పట్నంలో మూడేళ్లు చదివి వచ్చినందుకు దుబాసీ పని నాది.

చిలగడదుంపను మేము గెనుసు అంటాం, బంగాళాదుంపను ఉర్లగడ్డ. మొదటిది మా అవ్వ పెరట్లో ఏటా పండేది. రెండోది అప్పటికి నీలగిరి మీద దొరల తోటల్లోనే ఉండేది.

పెరటి వెనక ఒక పొరంబోకు చెక్క ఉంది. సర్కారు నేల. అవ్వ తీగలు కంచె దాటి అందులోకి పాకి చాలా ఏళ్లయింది. ఎండాకాలంలో ఇంటిల్లిపాది తిండి సగం అక్కడిదే. వానలు పడే ఐప్పసి నెలలో కోయంబత్తూరు నుంచి వచ్చి మకాం వేసిన దొర కంట అది పడింది. ఆయన ఒక బుట్టెడు ఉర్లగడ్డలు ఇప్పించాడు. వాటిని ఆ నేలలో పండిస్తే పట్టాకు రాస్తానన్నాడు. పండకపోతే, నాలుగు నెలలకు, మాసిలో, తాను తిరిగి వచ్చేసరికి నేల ఖాళీ చేయాలన్నాడు.

నాటుదామని నాయన పార తీసుకుని వచ్చేసరికి బుట్టలో సగం పొయ్యి మీద ఉడుకుతోంది.

"ఏందమ్మా ఇది? నాటేకి ఇచ్చిండే గడ్డలు గదా."

"గడ్డ తినేకి, కొడి నాటేకి," అంది అవ్వ, చింతపండు పిసుకుతూ. "మన గెనుసు ఎట్లా వేస్తుండాము? తీగ కొడి తుంచి గదా. దొర కొడి అంపేది మరిచిపోయిండాడు, పావం. వచ్చినప్పుడు అడుగు."

"వాళ్ల ఊర్లో గడ్డనే పాతుతారంటమ్మా."

"అందుకే ఊరు విడిచి ఇంత దూరం వచ్చిండారు."

మిగిలిన సగం దాచిపెట్టింది. దాచడంలో అవ్వకు తిరుగులేదు. గడ్డలను రెండు రోజులు నీడన ఆరనిచ్చి, దెబ్బ తగిలినవి ముందు వంటకు ఏరి, మంచివి గాదె కింద పొడి ఇసుకలో ఒకదాన్నొకటి తాకకుండా పేర్చి, పైన పొయ్యి బూడిద చల్లేది. కొడి వస్తుందని ఎదురుచూసింది. రాకపోయేసరికి అప్పుడప్పుడు ఇసుకలో చెయ్యి పెట్టి ఒక పులుసుకు సరిపడా తీసేది. మాసి నాటికి పదకొండు మిగిలాయి, ముడతలు పడి, మొలకలు వేసి.

దొర పక్క ఊరికి చేరాడని తెలిసిన పొద్దున నాయన ఆ మొలకలు గోటితో గిల్లి, పదకొండింటినీ గెనుసు తీగల కింద పాతాడు.

"నీకూ దొర బుద్ధి వచ్చేసిందే," అంది అవ్వ.

ఇక ఆ పొద్దు సంగతి. అప్పుడే తవ్విన గడ్డకు ఇన్ని ముడతలేమని దొర అడిగాడు. నాయనకు చెప్పాను.

"మన నల్ల కరిసల్ మన్ను వేడి అని చెప్పప్పా."

"ఆకు ఎందుకు మారిందంట?" దొర రెండో ప్రశ్న అందించాను.

"అదీ వేడే."

నాకు వచ్చిన ఇంగ్లీషులో ఆ వేడిని రెండుసార్లు చెప్పాను. దొర నవ్వలేదు. ఇంతలో తలుపు చాటు నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"కొడి సంగతి అడగవేమప్పా? ఈసారైనా మరవకుండా తెచ్చిండాడా?"

ముసలామె ఏమంటోందని దొర అడిగాడు. తమరి ఆరోగ్యం కనుక్కుంటోంది అన్నాను. ఆయన తలుపు వైపు తల వంచి, పుస్తకం తీసి, నిలబడే చాలాసేపు రాసుకున్నాడు. ముడతల గడ్డల్లో పెద్దది ఒకటి కోటు జేబులో వేసుకుని గుర్రమెక్కాడు.

పట్టా రాలేదు. ఖాళీ చేయమన్న తాకీదూ రాలేదు. పత్రికలో పనికి చేరిన తరువాత నేను తాలూకా కచేరీలో రెండుసార్లు విచారించాను. కాగితం పైకి వెళ్లిందన్నారు. దొర ఏమి రాసుకున్నాడో ఎవరికీ తెలియదు. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. తీగలు ఆ చెక్కలోనే ఉన్నాయి. నేల ఎవరిదో ఇంకా తేలలేదు.