ఎర్త్ అంటే నేల కాదు

మా ఎండు చేపల వ్యాన్‌కి మైకు పెట్టించాలన్నది మా ఆయన నిర్ణయం. అంతకుముందు నేనే కిటికీలోంచి తల బయటపెట్టి వీధి వీధినా అరిచేదాన్ని. గొంతులో పుండు లేచి, ఇక అరిస్తే మాటే పోతుందని నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరు చెప్పాక ఆ పని ఆగిపోయింది. మా ఆయన అరవొచ్చు కదా అని మీరడగొచ్చు. స్టీరింగు పట్టుకున్న మనిషి వీధుల్లో అరిస్తే చూసేవాళ్లకు చిన్నతనంగా ఉంటుందట. మైకులో అరిస్తే మాత్రం గొప్పతనమట.

మైకు బిగించిన షాపు కూడా నెల్లూరులోనే. పైన 'సౌండు డాక్టర్' అని ఎర్రటి బోర్డు. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక, చర్చిలో ఆడవాళ్లకు సాయంత్రాలు చెప్పిన పాఠాల్లో. అప్పట్లో కనిపించిన బోర్డునల్లా కూడబలుక్కుని చదివేదాన్ని. చదవడం వచ్చాక నన్ను మోసం చేసిన మొదటి బోర్డు అదే.

నల్లకళ్లద్దాలు నెత్తిమీద పెట్టుకున్న ఆ డాక్టరు డ్రైవరు సీటు వెనక యాంప్లిఫయర్ బిగించాడు, వ్యాన్ పైన స్పీకరు కట్టాడు. మా ఆయన లోపలి గదిలో కూర్చుని తన గొంతుతో కేక రికార్డు చేయించుకున్నాడు. మధ్యలో దగ్గుతానని నన్ను బయటే కూర్చోబెట్టారు.

బండి స్టార్ట్ చేయగానే స్పీకరు కుయ్యిమని మూలిగింది. యాక్సిలరేటరు తొక్కేకొద్దీ ఆ మూలుగు పైకి లేచింది, గేరు మారిస్తే కిందికి దిగింది. దాని అడుగున ఎక్కడో మా ఆయన గొంతు, నోట్లో గుడ్డ కుక్కినట్టు. ఇంజను ఆపితే కూత ఆగేది కానీ, అప్పుడు గొంతు ఒక మాట పలికి రెండు మాటలు మింగేసేది. ఏం చెబుతున్నాడో ఎవరికీ తెలియదు, పక్కన కూర్చున్న నాకూ తెలియదు.

"ఏందక్కా, మీ బండికి కడుపునొప్పా?" అని బిట్రగుంట వైపు ఊళ్లో ఒకామె అడిగింది.

నవ్వుకుని ఊరుకుందామంటే అదే ఊళ్లలోకి మోటర్‌సైకిలు మీద ఇంకొకడు దిగాడు. హ్యాండిలుకు చిన్న డబ్బాలాంటి స్పీకరు కట్టుకున్నాడు. వాడి సరుకు సగం చెమ్మగా మెత్తబడి ఉండేది. కానీ వాడి కేక స్పష్టంగా వినిపించేది, ఆడవాళ్లు వినిపించినవాడి దగ్గరే కొనేవాళ్లు. మా బుట్టలు నిండుగా ఇంటికి తిరిగొచ్చేవి. నాకు గొంతు లేదు, బండికి గొంతు లేదు. అలాగే సాగితే ఆ ఊళ్లు మాకు దక్కవని నాకు అర్థమైపోయింది.

మళ్లీ డాక్టరు దగ్గరికే పోయాం. ఆయన కళ్లు మూసుకుని, భక్తిపాట విన్నట్టు విన్నాడు.

"ఇంజను నాయిస్ అన్నా. ఫిల్టర్ ఏస్తే సరిపోద్ది."

ఫిల్టరు వేశాడు. కూత సన్నబడి సూదిలా చెవిలో దిగింది, అంతే. తర్వాత వైరు మార్చాడు. ఆ తర్వాత చేతులు తుడుచుకుని, "మీది సముద్రం పక్కన ఊరు గదన్నా, గాల్లో ఉప్పుంటాది" అన్నాడు. రోగం తెలియని వాళ్లందరికీ మా సముద్రం ఒకటి దొరికింది.

మా ఆయన మేనల్లుడు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మెడలో కంపెనీ ట్యాగు ఆదివారం ఆరాధనకు కూడా తీయడు. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ తిరిగి, "ఎర్త్ ప్రాబ్లం మామా. ఎర్త్ సరిగ్గా లేదు" అన్నాడు. ఇంతలో ఫోను మోగింది. మాట్లాడుకుంటూ అటే వెళ్లిపోయాడు.

ఆ సగం మాటతో మా ఆయన పని మొదలుపెట్టాడు. ఎర్త్ అంటే నేల అని ఆయనకు తెలుసు. ఇంటికి ఎర్త్ వేసినప్పుడు కరెంటు మనిషి గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ పోసి కడ్డీ పాతడం చూశాడు. రోడ్డు మీద పెట్రోలు ట్యాంకర్లకు గొలుసు వేలాడడమూ చూశాడు. రెండూ కలిపి, పాత లంగరు గొలుసు తెచ్చి వ్యాన్ వెనక బిగించాడు. ఇక చూడండి, పైన కూత, మధ్యలో మింగిన మాటలు, కింద గొలుసు గలగలలు.

"ఏం మావా, కుక్కను ఇప్పకుండానే బండి తీసినావా?" అని చేపల రేవు దగ్గర వరసైన ఆడమనిషి ఎగతాళి చేసింది.

"ఎర్త్ మే అది. నీకు తెలవదులే."

అంతటితో ఆగితే బాగుండు. ఎండాకాలం ఇంటి ఎర్త్ గొయ్యిలో నీళ్లు పోస్తారు కదా. బండి ఆపిన చోటల్లా దిగి, గొలుసు ఆనిన మట్టిలో తాగేనీళ్లు పోసి తడిపేవాడు. నేను కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చునేదాన్ని.

తర్వాతి ఆదివారం మేనల్లుడు గొలుసు చూసి, ట్యాగు పట్టుకుని మరీ నవ్వాడు.

"ఎర్త్ అంటే నేల కాదు మామా! బండి రబ్బరు చక్రాల మీద నిలబడి ఉండాది, దానికి నేలతో ఏం పని? బండికి దాని ఒళ్లే ఎర్త్. బ్యాటరీలోంచి పోయిన కరెంటు ఆ ఇనుములోంచే ఎనక్కి రావాల."

"ఆ ముక్క మొన్ననే చెప్పుంటే నీ ట్యాగు అరిగిపోయేదా?" అన్నాను.

"నువ్వు గమ్మునుండత్తా."

పొడుగాటి వైరు ఒకటి తీసుకుని యాంప్లిఫయర్ ఎర్త్ నుంచి నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు కలిపాడు. ఇంజను నడుస్తుండగానే తన ఫోను యాంప్లిఫయర్‌కు తగిలించి పాట పెట్టాడు. కూత లేదు. పాట తేటగా వచ్చింది. ఆ పూటకు ఆ పిల్లాడి పొగరు భరించక తప్పలేదు.

అది పరీక్షకే అంటూ ఆ వైరు పీకేసి, సీటు వెనక చాప ఎత్తి చూశాడు. డాక్టరు ఎర్త్ వైరును నేల రేకుకు బోల్టుతో బిగించాడు, కానీ ఆ రేకు మీద నీలిరంగు మందంగా పేరుకుని ఉంది. మా తీరంలో ఇనుమును ఎవరూ వట్టిగా వదలరు. పడవలకు రంగు వేసినప్పుడల్లా మిగిలింది గేటుకు, మంచానికి, బొక్కెన పిడికి పూస్తారు. మా ఆయన వ్యాన్ లోపలంతా, బోల్టు కన్నాలతో సహా, పూత మీద పూత వేశాడు. కరెంటు ఆ రంగును దాటలేక, పాటో కేకో వచ్చే సన్నటి వైరులోంచి దొంగదారిన తిరిగొస్తూ, ఇంజను మోతను వెంట తెస్తోందట. ఫిల్టరూ వైరూ అమ్మిన డాక్టరు ఆ చాప ఒక్కసారి ఎత్తి చూడలేదు.

"గీకాల మామా. ఇనుము తెల్లంగా కనపడాల."

మా ఆయన బండికి అడ్డంగా నిలబడ్డాడు.

"రంగు గీకమంటాడు సూడు! ఏసీలో కూసునేవోడివి, ఉప్పుగాలి సంగతి నీకేం తెలుసురా? రెండు వానలకు బొక్క పడిపోద్ది."

"వైరు బిగించినాక మళ్లా పైన పూసుకో. ఎవురొద్దన్నారు?"

"ఒకసారి గీకినాక ఆ ఇనుమును నమ్మేదానికి లేదు."

గొలుసు కట్టినవాడు ఒకడు, ట్యాగు కట్టుకున్నవాడు ఒకడు. వీళ్ల వాదన తెమిలేలోపు ఆ మోటర్‌సైకిలువాడు మనవళ్లను ఎత్తుకుంటాడు. చేపల పొలుసు గీకే కత్తి తీసుకుని వ్యాన్ ఎక్కాను.

"ఏయ్, ఏందిమే అది? దిగు!"

"గొంతు పోయింది నాది. ఆ మోటర్‌సైకిలోడి ఎనకాల గొలుసు ఈడ్చుకుంటా తిరుగుతావా, నన్ను గీకనిస్తావా? ఏదో ఒకటి చెప్పు."

మా ఆయన వ్యాన్ వెనక్కి పోయి గొలుసు విప్పడం మొదలుపెట్టాడు. మేనల్లుడు చేపల వాసన అంటకుండా దూరంగా నిలబడి, "ఇంకా గీకత్తా, ఇంకా" అని వేలు చూపించాడు. ఇనుము మెరిశాక వైరు పెట్టి బిగించాడు. మా ఆయన కుంచె తెచ్చి పైన నీలిరంగు పూశాడు. ఆ ఒక్క పనిలో నాకు తప్పు కనిపించలేదు.

మర్నాడు బిట్రగుంట వైపు పోయాం. ఊరి మొదట్లో మైకు వేశాడు. ఇంజను నడుస్తూనే ఉంది. మా ఆయన గొంతు మొదటిసారి మొత్తంగా వినిపించింది.

"రండమ్మా రండి! ఎండు రొయ్యలు, నెత్తళ్లు, సావళ్లు! వంజరం ముక్కలు, మేలైన వంజరం!"

ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని బయటికొచ్చారు. చాలా రోజులకు బండి చుట్టూ మనుషులు.

"వంజరం సూపిచ్చక్కా" అంది ముందొచ్చినామె.

వంజరం మా బండి ఎప్పుడూ ఎక్కలేదు. అది ఖరీదైన చేప, ఒడ్డుకు రాగానే ఐసులో పట్నానికి పోతుంది, మాలాంటివాళ్లు ఎండబెట్టేదాకా ఉండదు. మా ఆయన వైపు చూశాను. ఆయన స్టీరింగు తుడుస్తున్నాడు.

"అయిపోయిందమ్మా. ఇప్పుడే పక్కూళ్లో మొత్తం ఎత్తుకున్నారు."

"పక్కూళ్లో మా చెల్లెలుండాదన్నా. ఫోన్ చేసి అడగమంటావా?"

అందరూ నవ్వారు. పైనుంచి స్పీకరు మేలైన వంజరం అని మళ్లీ అరిచింది.

"వంజరం లేదు తల్లీ, ఎప్పుడూ లేదు" అన్నాను, వచ్చినంత గొంతుతో. "నెత్తళ్లు మాత్రం బాగా ఎండినాయి. నోట్లో ఏసుకుని చూసి తీసుకోండి."

ఆమె ఒకటి కొరికి చూసి గిన్నె ముందుకు చాపింది. వెనకున్నవాళ్లు తోసుకుంటూ దగ్గరికి వచ్చారు.

"ఆ మైకు ఆపు" అన్నాను మా ఆయనతో.

"ఆపితే ఎట్ట మే? ఇంత కష్టపడి బాగు చేసినాక!"

ఎవరు బాగు చేశారని నేనడగలేదు. ఎదురుగా గిన్నెలున్నాయి, తూకం వేయాలి.