అత్త దాచని మందు

మొన్న మంగళవారం పొద్దున్న బడికి బయల్దేరుతుంటే కళింగపట్నం నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. కడుపులో క్యాన్సర్‌తో మూడేళ్లు నెట్టుకొచ్చిన మనిషి. కబురు ఊహించనిదేం కాదు. అయినా ఆ రోజు పిల్లలకు ఏ పాఠం చెప్పానో గుర్తు లేదు.

అత్త ఎండుచేపలు అమ్మేది. నెత్తళ్ల చేపను విరిచి, బాగా ఎండిన చప్పుడు విన్నాకే తట్టలో వేసేది. బేరానికి వచ్చినవాళ్లతో తనే, "ఇది ఇంకా ఆరనేదమ్మా, రేపు రా" అనేది. ఇలాగైతే యాపారం ఎలా సాగుతాదని నేను అడిగితే, "రేపూ ఆలకి నా మొకం సూపించాల గదే" అని నవ్వేది.

జబ్బు ముదిరాక నొప్పికి నిద్ర కరువైంది. నడుం వాల్చలేక గోడకు ఆనుకుని కూర్చునేది. నిరుడు నేను బరంపురం తీసుకెళ్తే, అక్కడ ఒక ఆయుర్వేద డాక్టరు గంజాయి ఆకుతో చేసిన మాత్రల డబ్బా ఇచ్చారు. ఏ జబ్బుకో, రోజుకు ఎన్నో రాసి, సంతకం పెట్టి ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. "ఒరిస్సాలో ఇది చాలు. మీ ఆంధ్రాలో ఏమంటారో నేను చెప్పలేను" అన్నారు.

తిరుగు బస్సులో నాకు అదే బెంగ. ఇచ్ఛాపురం చెక్‌పోస్టులో బస్సు ఆపి, ఎక్సైజ్ వాళ్లు గంజాయి కోసం సంచులు వెతకసాగారు.

"అత్తా, బొడ్లో దోపుకో" అన్నాను మెల్లగా.

"దాస్తే దొంగసరుకైపోద్ది. మందుని మందులాగే సూపిద్దాం" అని లేచి నిలబడింది. "బాబూ, నా కాడ గంజాయాకు మాత్రలున్నాయి. ఇదిగో కాయితం."

బస్సంతా మా వైపు తిరిగింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆఫీసరు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఇది ఒరిస్సా డాక్టరు రాసిందమ్మా. ఇక్కడ చెల్లుతాదో లేదో పైవాళ్లని అడగాల. దిగండి."

బస్సు వెళ్లిపోయింది. ఆయన కాగితాన్ని ఫొటో తీసి పైఅధికారికి వాట్సాప్‌లో పంపాడు, బరంపురం డాక్టరుకు ఫోన్ చేశాడు. రెండు గంటలు బల్ల మీద కూర్చున్నాం. అత్త నొప్పిని పళ్ల బిగువున ఆపుతూనే, "నువ్వు అన్నం తిన్నావేటి బాబూ?" అని ఆయన్నే అడిగింది. ఆయన తల దించుకుని, లేదన్నాడు.

చివరికి పైనుంచి సరేనని ఫోన్ వచ్చింది. ఆయన మాత్రలు లెక్కపెట్టి, చీటీతో సరిచూసి, డబ్బాతో సహా అత్త చేతిలో పెట్టాడు. "డబ్బా మార్చకమ్మా. కాయితం ఎప్పుడూ నీ కాడే ఉంచుకో. ఇంకో చోట ఇంకో ఆఫీసరు ఏటంటాడో నాకూ తెలీదు" అని, తర్వాతి బస్సు తనే ఆపి ఎక్కించాడు.

బస్సులో అత్త ఒక మాత్ర వేసుకుంది. పలాస దాటేసరికి నా భుజం మీద తల వాల్చేసింది. దిగాల్సిన నరసన్నపేట వచ్చింది. నేను లేపలేదు. శ్రీకాకుళం దాకా టిక్కెట్టు పొడిగించమని కండక్టరుకు సైగ చేశాను. నోరు కొంచెం తెరుచుకుని, నుదుటి మీద ముడతలన్నీ వదులై, అత్త చిన్నపిల్లలా నిద్రపోతోంది.