పారేసిన ఎర్రగీత

పెందుర్తిలో మా ఇంటి సింకులో రొయ్యలు కడుగుతుంటే ఆ పచ్చివాసనకి నా గుండె ఇప్పటికీ ఝల్లుమంటుంది. రొయ్యలంటే లొట్టలేసే మనిషినే, కానీ ముందు రూత్ మేడమ్ గుర్తొస్తారు, తరవాతే కూర.

ఆవిడ మా ల్యాబుకి పెద్ద. హార్బరు పక్కనున్న వన్ టౌన్‌లో పుట్టి పెరిగారు. వాళ్ళమ్మ ఫ్యాక్టరీ షెడ్డులో కూలికి రొయ్యలు ఒలిచేది. రొయ్యల్లో రోగం తెచ్చే బ్యాక్టీరియాని పట్టే కాగితపు స్ట్రిప్పు తయారుచెయ్యడం మా పని. ఆ బ్యాక్టీరియాకే అతుక్కునేలా ఏరిన చిన్న డీఎన్ఏ పోగు అందులో ఉంటుంది, ఆప్టమర్ అంటారు. రొయ్యలు కడిగిన నీళ్ళలో అది ఇట్టే విరిగిపోతుంటే, మేడమ్ దానికి రసాయనంతో తొడుగు వేసి నిలబెట్టారు. బ్యాక్టీరియా ఉంటే ఎర్రగీత, లేకపోతే లేదు. ఏళ్ళ తరబడి పడ్డ కష్టం అది.

సోమవారం ఆ స్ట్రిప్పులు అచ్యుతాపురంలో ఓ రొయ్యల ఫ్యాక్టరీకి వెళ్ళాలి. శనివారం మేము స్వీట్లు పంచుకుంటుంటే, మేడమ్ హార్బరు నుంచి తలలతో ఉన్న రొయ్యలు తెచ్చారు. ల్యాబుకి మేమెప్పుడూ తల తీసి ఒలిచినవే తెప్పించేవాళ్ళం, శుభ్రంగా ఉంటాయని; ఫ్యాక్టరీకి వచ్చేవి మాత్రం తలలతోనే. అవి కడిగిన నీళ్ళలో ఆవిడ దొంగ పోగున్న స్ట్రిప్పు ముంచారు. అంటే తొడుగు అదే, లోపలి డీఎన్ఏ అక్షరాల వరస మాత్రం తారుమారు. అది దేనికీ అతుక్కోకూడదు.

ఎర్రగీత వచ్చింది. నా చేతిలో లడ్డు చేతిలోనే ఉండిపోయింది.

కోపమొస్తే మేడమ్‌కి వన్ టౌన్ మాట వచ్చేసేది. “తలలో కొవ్వుంటాది. మన తొడుగు ఆ కొవ్వుకే అతుక్కుంటన్నాది. మంచి సరుక్కీ గీతొచ్చీసి లోడు యెనక్కెల్లిపోద్ది. ఒలిసీ ఆడోల్లకి ఆరోజు పనుండదు.” నా వైపు తిరిగారు. “ప్రసాదూ, ముందెప్పుడైనా ఇలాగొచ్చిందేటి?”

లడ్డు బల్లమీద పెట్టేశాను. “నెల్లాళ్ళ కింద ఓసారొచ్చింది మేడమ్. ఆరోజు పొరపాట్న తలల్తో రొయ్యలొచ్చేయి. స్ట్రిప్పు పాడైందనుకుని పారీసేను.”

“ల్యాబు పుస్తకంలో రాసేవా?”

“నేదు మేడమ్.”

ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆవిడ అక్కడే కూర్చుని, స్ట్రిప్పులు రావని ఫ్యాక్టరీకి ఉత్తరం రాశారు. తప్పు తాను వేసిన తొడుగుదని అందులో ఉంది. నా ఊసే లేదు. తిట్టినా అంత నిర్ఘాంతపోయేవాణ్ణి కాదు.

“నా సంగతీ రాయండి మేడమ్” అన్నాను.

“తొడుగు నాను ఏసింది, నాను రాసేను. నువ్వు పారీసింది నువ్వు రాసుకో.”

ఆ పుస్తకంలోనే రాశాను. కొవ్వుకి అతుక్కోని తొడుగు దొరికేసరికి ఆవిడ రిటైరైపోయారు. ఇప్పుడు ల్యాబులో కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు నేను ఆ పేజీయే చూపిస్తాను. “దొంగ పోగుకి గీత వచ్చింది, పారేశాను” అని నా దస్తూరీ, కింద స్ట్రిప్పు అంటించాల్సిన చోటు ఖాళీ. చూపించిన ప్రతిసారీ సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.