రాజకుమారి వదిలేసిన నగలు

మచిలీపట్నంలో రోల్డుగోల్డు నగలకు రాళ్లు అతికే పనిలో నా పక్కనే మేరీ అక్క కూర్చునేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేను రాజుల కాలంనాటి ప్రేమకథలు పైకి చదివేదాన్ని. రాజకుమారి నగలన్నీ తీసిపెట్టి సైనికుడి వెంట వెళ్లిపోయే ఘట్టం వస్తే చాలు, "ఇంకోసారి చదవవే" అనేది అక్క. వాళ్ల చర్చి సంఘంలో నగలు పెట్టుకోరు. పాపం, లోలోపల మోజుందేమో అనుకునేదాన్ని.

పోయిన వేసవిలో అక్క గుండెపోటుతో పోయింది. చివరిసారైనా ఆ ముచ్చట తీరాలని, తను రాళ్లు అతికిన హారమే తీసుకెళ్లి, శవపెట్టెలో ఉన్న అక్క మెడలో వేయబోయాను. ప్రార్థన ఆగిపోయింది. "వద్దమ్మా, తప్పు!" అన్నారు పాస్టరుగారు. అందరూ నన్నే చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

అక్క భర్త లేచొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"మాది ప్రేమపెళ్లమ్మా. గుడివాడలో వాళ్లింట్లోనే నగలన్నీ తీసిపెట్టి, కట్టుచీరతో నా వెంట వచ్చేసింది. నీకెప్పుడూ చెప్పలేదా?"

ఇప్పటికీ ఆ ఘట్టం వస్తే రెండుసార్లు చదువుతాను. అక్క నాకు చెప్పలేదు. రోజూ నాచేత చదివించుకుంది.