పడుకున్న చింతచెట్టు

ఆ రోజుల్లో హనుమకొండలో ఒక స్టూడియోలో పనిచేసేవాణ్ణి. పెళ్లి ఫొటోలు నా బతుకుదెరువు, వంకర చెట్లు నా పిచ్చి. పెళ్లికొడుకులందరూ కెమెరా ముందు ఒకేలా బిగుసుకుపోయేవారు. చెట్లతో ఆ బెడద లేదు. అందుకే ఏ ఊరికి పోయినా నలుపు తెలుపు రీలులో చివరి ఫొటో చెట్టు కోసం దాచుకునేవాణ్ణి.

పాలంపేట దగ్గర ఒక పెళ్లి నుంచి వస్తుంటే పొలం అంచున ఆ చింత కనిపించింది. ఎప్పుడో గాలివానకు పడిపోయిందట. పడి ఊరుకోలేదు. పడుకునే మళ్లీ చిగురించి, నడుము దగ్గర కొమ్మలను నిటారుగా లేపింది. దాని బెరడు మీది ముడతలు చూసి నాకు మతిపోయింది.

చెట్టు గల ముసలమ్మ వచ్చి సంగతి చెప్పింది. వానలు పడేలోపు దాన్ని కొట్టేసి, ఆ జాగాలోనూ నాటు వేయాలని కొడుకు పట్టుబట్టాడట.

"పడ్డంక గూడ కాయ కాస్తాంది బిడ్డా. దాన్నెట్ల కొట్టాలె?" అంది.

నేను కెమెరా తీయగానే అడ్డం వచ్చింది.

"జర ఆగు. ఫొటో గిట్లనే దింపుతవా? పెండ్లిపిల్లను పసుపు లేకుంట దింపినవా?"

ఇంటికి పోయి గిన్నెడు పసుపు కలిపి తెచ్చింది. నాకు ఒళ్లు మండింది. నేను మురిసిందే ఆ ముడతలకు, ఆమె వాటికే పసుపు మెత్తుతోంది! వెలుతురు పోతోంది, ఉన్నది ఒకటే ఫొటో. "వద్దు పెద్దమ్మా" అంటే వింటేనా? కుంకుమ బొట్లు కూడా పెట్టింది. మూతి ముడుచుకునే మీట నొక్కాను.

స్టూడియో చీకటిగదిలో కాగితం మీద బొమ్మ తేలుతుంటే ఇంకా దగ్గరికి వంగి చూశాను. పసుపు అంటినచోట బెరడు తెల్లగా మెరిసింది, సందులు నల్లగా ఉండిపోయాయి. నా కంటికి ఆనని ముడతలు కూడా లేచి నిలబడ్డాయి. అంత అందమైన ఫొటో నేను మళ్లీ తీయలేదు.

పెళ్లి ఆల్బం ఇవ్వడానికి పోయినప్పుడు దాన్నీ ఫ్రేము కట్టించి తీసుకుపోయాను. ముసలమ్మ మురిసిపోయి, గోడ మీద కొడుకు పెళ్లి ఫొటో పక్కన తగిలించింది.

వానలు పడ్డాక మళ్లీ ఆ దారిన పోయాను. పొలమంతా నాట్లు పడ్డాయి. చింత పడుకునే ఉంది. గట్టు మీద కొడుకు కనిపిస్తే, కొట్టలేదేమని అడిగాను.

"గోడ మీద మా ఇంటోళ్లతోని ఉన్నది గదన్నా. కొడితే ఆ ఫొటోకు దండెయ్యాలె. నాతోని కాదు" అన్నాడు.