మిల్లు బెల్లం

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సులో దగ్గు ఆగక అవస్థ పడుతున్నాను. పక్కన కూర్చున్న రైస్ మిల్లు కూలీ ఒకామె కొంగుముడి విప్పి, బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. మిల్లుల మేమందరం తింటం. దుమ్ము కడుపులకు దిగుతది."

నోటి దాకా తీసుకెళ్లేసరికి ఆమే లాగేసుకుంది.

"వద్దులే, దవాఖానకు పో. నా చిన్నబిడ్డ దగ్గితే గిట్లనే పెట్టుకుంట వచ్చిన. ఊపిరి గొట్టాలల్ల ఎంటికంత సన్నటి నెత్తురు నరాలుంటయంట. అవి ఉబ్బి, నీరూరి, దారి మూసుకపోయిందని డాక్టర్ చెప్పిండు. బెల్లం గాడికెట్ల పోతది?"

"ఇప్పుడు పాపకెట్లుంది?" అన్నాను.

ఆమె బెల్లాన్ని మళ్లీ కొంగున ముడేసుకుని హుజూర్‌నగర్‌లో దిగిపోయింది.

నా అరచేతికి జిగట అంటుకునే ఉంది. ఇప్పటికీ దగ్గు వస్తే ముందు చెయ్యి చూసుకుంటాను.